పేడ గ్యాసుకు బ్యాంకు అప్పు



వంటచెరకు కష్టం మీకు నేను చెప్పవలసినది కాదు. వానాకాలంలో తడి కంప రాజేసి, పొయ్యి ఊది ఊది కళ్ళు ఎర్రజేసుకునే ఆడవారు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పేడ గ్యాసు పెట్టుకొనవచ్చును గాని, గొయ్యి తవ్వింది మొదలు ఇటుక, సిమెంటు, మేస్త్రీ కూలి, గొట్టాలు, పొయ్యి, అన్నీ ఒక్కసారే కొనాలి. చిన్న రైతు చేతిలో అంత పైకం ఒక్కసారి ఉండదు. కనుక బ్యాంకు అప్పు కావాలి. అయితే ఆ అప్పు ఎలా ఇచ్చారన్నదాని మీదనే మంటా వెలుగుతుంది, వాయిదా కూడా తీరుతుంది.

పొరుగున ఉన్న నేపాలు సంగతి వినండి. అక్కడ 1977లో గోబర్ గ్యాసు కంపెనీ ఏర్పడింది. ఆ దేశపు వ్యవసాయాభివృద్ధి బ్యాంకు అందులో భాగస్వామి. రైతులకు అప్పులిచ్చినదీ ఆ బ్యాంకే. 1992లో నెదర్లాండ్స్ సంస్థ ఎస్.ఎన్.వి. తోడ్పాటుతో పెద్ద పథకం మొదలైంది. 1997 నుంచి జర్మనీ అభివృద్ధి బ్యాంకు కె.ఎఫ్.డబ్ల్యు. కూడా డబ్బు పెట్టింది. తరువాత పదిహేనేళ్ళలో ఆ చిన్న దేశంలో రెండు లక్షలకు పైగా ప్లాంట్లు లేచాయి.

డబ్బు రావడం ఒక్కటే కారణమనుకోకండి. మొదట్లో వారి సబ్సిడీ తెరాయి మైదానంలో 7,000, కొండల్లో 10,000 నేపాలీ రూపాయలు. ప్లాంటు చిన్నదైనా పెద్దదైనా అదే మొత్తం. పెద్దది కడితే పైఖర్చు రైతుదే. దానితో ఎవరి పేడకు తగినంత ప్లాంటు వారు కట్టుకున్నారు. రెండవది, కట్టే కంపెనీ ఒప్పుకొన్న నమూనా ప్రకారమే కట్టాలి, కట్టిన తరువాత కూడా వచ్చి చూసుకోవాలి, పూచీ ఉండాలి. తనిఖీవారు కొన్ని ప్లాంట్లు ఏరి చూసేవారు. లోపం కనబడితే కంపెనీకి జరిమానా పడేది. డబ్బు గోతికి కాదు, మండే పొయ్యికి ఇచ్చారన్నమాట. లోటు కూడా ఉన్నది: పశువులు లేని నిరుపేద ఇంటికి ఈ మేలు అందలేదు.

నేను పనిచేసిన ఒక ఊళ్ళో దీనికి విరుద్ధంగా జరిగింది. పెద్ద ప్లాంటుకు ఎక్కువ రాయితీ వస్తుందని ఒక రైతుచేత పెద్దది కట్టించారు. ఉన్నవి మూడు గేదెలు. కరువు వచ్చి గడ్డి లేక రెండింటిని అమ్ముకున్నాడు. గ్యాసు ఆగింది, వాయిదాలు ఆగలేదు. "అయ్యా, గుమ్మటం మీద పిడకలు ఎండబెట్టుకుంటున్నాం" అన్నది ఆయన భార్య. నేను ఏమీ చెప్పలేకపోయాను. ఆ ప్లాంటు సంగతి నేనూ ముందుగా అడిగి ఉండవలసింది.

లెక్క సులువు. కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాసు. మన కొలతలో రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాసుకు 50 కిలోల పేడ కావాలి. నలుగురైదుగురి వంటకు అది చాలును. ఇక్కడొక తికమక ఉన్నది. నేపాలులో ఆరు ఘనపు మీటర్లంటే తొట్టి, గుమ్మటం కలిపిన పరిమాణం, మన రెండంటే రోజుకు వచ్చే గ్యాసు. పుస్తకంలో అంకె చూసి పోల్చుకోకండి.

బ్యాంకుకు వెళ్ళేముందు వారం రోజులు ఉదయం పూట కొట్టం ఊడ్చి, పేడను బుట్టతో తూచి రాసుకోండి. మేతకు బయట తిరిగే పశువు పేడలో సగం దారిలోనే పోతుంది, దానిని కలపకండి. ఆ చీటీ చూపి ఎంత ప్లాంటు కావాలో మీరే చెప్పండి. కట్టే మేస్త్రీ ఎన్నేళ్ళ పూచీ ఇస్తాడో, చెడితే ఎవరిని పిలవాలో కాగితం మీద రాయించుకోండి. బయటికి వచ్చే మడ్డిని మాత్రం పారబోయకండి, పెంటగుంటలో చెత్తతో కలిపితే మంచి ఎరువు.