విరిగిన స్క్రూ



మైలవరంలో ఒక అక్క ఉందనుకోండి. వరండాలో కుట్టు మిషను పెట్టుకుంది. జాకెట్లు కుడుతుంది. చీరలకు ఫాల్సులు వేస్తుంది. దసరా దగ్గర పడింది. పన్నెండు జాకెట్లు ఒప్పుకుంది. అడ్వాన్సు కూడా తీసుకుంది. ఆ డబ్బు పిల్ల ఫీజుకి పోయింది.

ఒకరోజు మిషను పళ్ల దగ్గర నూగు పేరుకుంది. సూది కింద ఉండే రేకు విప్పింది. నూగంతా తీసింది. రేకు మళ్లీ బిగించింది. గట్టిగా ఉండాలని ఇంకో తిప్పు తిప్పింది. టక్‌మంది. స్క్రూ తల చేతికొచ్చింది. మొండెం రంధ్రంలోనే ఉండిపోయింది.

పక్కింటి పిల్ల పరుగెత్తుకొచ్చింది.

"వదినా, మేకూ సుత్తీ తెస్తాను. రెండు దెబ్బలు వేస్తే అదే ఊడుతుంది."

"ఆగవే, తొందరపడకు" అంది అక్క.

ఆగడమే మంచిదయింది. ఇలాంటి పాత నల్ల మిషన్ల ఒళ్లు పోత ఇనుముతో చేస్తారు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. స్క్రూ ఖరీదెంత? కొద్ది రూపాయలు. రంధ్రం పగిలితే మిషను మూలన పడుతుంది. అప్పుడు పన్నెండు జాకెట్ల మాటేమిటి?

అక్క సైకిల్ షాపు బాబాయి దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, మిషను స్క్రూ విరిగింది. మొండెం లోపల ఉంది."

"బిగించేటప్పుడు విరిగిందా, విప్పేటప్పుడు విరిగిందా అమ్మా?"

"బిగించేటప్పుడే."

"అయితే భయం లేదు. తేలిగ్గానే రావచ్చు."

ఆయన అలా ఎందుకన్నాడు? స్క్రూ ఒంటి మీద చుట్లు ఉంటాయి. మెకానిక్కులు వాటిని త్రెడ్డు అంటారు. రంధ్రం లోపల కూడా అలాంటి చుట్లే ఉంటాయి. స్క్రూ బిగిస్తే తల రేకు మీద నొక్కుతుంది. ఆ నొక్కుడు వల్ల చుట్లు ఒకదాన్ని ఒకటి లాగి పట్టుకుంటాయి. తల విరిగితే నొక్కుడు పోతుంది. లాగుడూ పోతుంది. మొండెం వదులవుతుంది. విప్పేటప్పుడు విరిగిందంటే సంగతి వేరు. దాన్ని తుప్పు పట్టుకుని ఉంటుంది. అది మొండిది.

ఏ వైపు తిప్పాలి? గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. దానికి ఎదురు తిప్పితే వదులవుతుంది. అన్నీ ఇలాగే ఉండవు సుమా! సైకిలు ఎడమ పెడలుకు త్రెడ్డు తిరగేసి ఉంటుంది. కుడి పెడలులా విప్పబోతే అది ఇంకా బిగుస్తుంది. కుట్టు మిషను రేకు స్క్రూ మాత్రం మామూలుదే.

బాబాయి ఇంటికి వచ్చాడు. మిషనుకి మోటారు ఉంది. ముందు దాని ప్లగ్గు తీసేశాడు. సూది తీయించాడు. ఇనుప పొడి లోపల పడకుండా పళ్ల చుట్టూ గుడ్డ కుక్కాడు. మొండెం మీద రెండు చుక్కలు మిషను నూనె వేశాడు.

"కొబ్బరి నూనె ఉంది బాబాయ్."

"వద్దమ్మా. ఇంట్లో వాడే నూనెలు వద్దు. కొన్నాళ్లకు జిగురై పట్టేస్తాయి. మిషనుకి మిషను నూనే."

తెల్లారేదాకా అలాగే వదిలేశారు. నూనె సన్నటి సందుల్లోకి దిగడానికి టైము పడుతుంది. చాలామంది ఈ ఒక్క రాత్రి ఆగలేకే పని చెడగొట్టుకుంటారు.

మొండెం కాస్త పైకి ఉంటే కటింగ్ ప్లేయరుతో పట్టుకుని తిప్పవచ్చు. లేదా రంపం బ్లేడుతో దాని మీద సన్నగా గాడి కొయ్యాలి. ఆ గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాలి. అక్క మిషనులో మొండెం రంధ్రం అంచుతో సమానంగా ఉంది. పట్టు దొరకలేదు. బాబాయి మొనదేలిన పంచ్ తీశాడు. మొండెం నడి మధ్యలో పెట్టలేదు. దాని అంచు దగ్గర ఏటవాలుగా పెట్టాడు. వదులయ్యే వైపుకి చిన్న సుత్తితో మెల్లగా తట్టాడు. ఒకటి, రెండు, మూడు. కదల్లేదు. ఇంకో చుక్క నూనె వేశాడు. మళ్లీ తట్టాడు. ఆవగింజంత తిరిగింది. ఇక అక్కే పంచ్ అందుకుంది. నాలుగు చుట్లు తిరిగాక మొండెం పైకి వచ్చింది. మిగిలింది వేళ్లతో తీసింది.

ఇలా కూడా రాకపోతే? దాని మధ్యలో డ్రిల్లుతో సన్న రంధ్రం చెయ్యాలి. అందులో ఎక్స్‌ట్రాక్టర్ అనే ముక్క పెడతారు. దాని చుట్లు తిరగేసి ఉంటాయి. ఎదురు తిప్పేకొద్దీ అది మొండేన్ని కరిచి పట్టుకుంటుంది. పట్టుకుని బయటికి తెస్తుంది. కానీ అది చాలా గట్టి ఉక్కు. బలవంతం చేస్తే లోపలే విరుగుతుంది. అది విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని తొలచలేదు. అందుకే ఈ పని చేయి తిరిగినవాళ్లకే ఇవ్వాలి. కళ్లజోడు పెట్టుకోకుండా ఎవరూ డ్రిల్లు పట్టకూడదు.

లారీల బోల్టులకు ఇంకో ఉపాయం ఉంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట విరిగిన బోల్టు మీద ఒక నట్టు పెట్టి వెల్డింగు చేస్తారు. ఆ వేడికి తుప్పు పట్టు వదులుతుంది. నట్టుకి పానా వేసి తిప్పుతారు. బోల్టు వచ్చేస్తుంది. కుట్టు మిషనుకి ఆ వేడి పనికిరాదు. రంగు కాలిపోతుంది.

మొండెం వచ్చింది. పని అయిపోలేదు. కొత్త స్క్రూ కావాలి. ఒకప్పుడు ఏ కార్ఖానా చుట్లు ఆ కార్ఖానావే. ఒకచోటి స్క్రూ ఇంకోచోట ఎక్కేది కాదు. 1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు అందరికీ ఒకే కొలత ఉండాలని చెప్పాడు. తర్వాత మిల్లీమీటరు కొలతలు వచ్చాయి. అయినా కుట్టు మిషన్ల స్క్రూలకు చాలావాటికి వేరే కొలతలే ఉన్నాయి. ఇనుప సామాన్ల కొట్లో చూడ్డానికి అలాగే ఉండే స్క్రూ దొరుకుతుంది. అది ఒక చుట్టు దిగి ఆగుతుంది. అక్కడ బలం చూపిస్తే రంధ్రంలోని చుట్లు అరిగిపోతాయి.

అక్క తలనీ మొండేన్నీ అగ్గిపెట్టెలో పెట్టుకుంది. విజయవాడ బస్సెక్కింది. కుట్టు మిషన్ల సామాన్ల కొట్లో అగ్గిపెట్టె తెరిచి చూపించింది. కొట్టతను నాలుగు డబ్బాలు వెతికాడు. చుట్టు పక్కన చుట్టు పెట్టి చూశాడు. సరిపోయింది. అక్క రెండు కొంది. ఒకటి దాచుకోవడానికి.

సాయంత్రం రేకు పెట్టి స్క్రూ వేళ్లతో తిప్పింది. మూడు చుట్లు హాయిగా దిగింది. అప్పుడు స్క్రూడ్రైవరు తీసింది. రేకు కదలకుండా ఆగింది. పక్కింటి పిల్ల చూస్తోంది.

"ఇంకో తిప్పు తిప్పనా వదినా?"

"వద్దు. నువ్వు ఆ నీలం జాకెట్టు ఇటివ్వు."