బండలాగుడు బరులు



ఏ ఆటగానికైనను తన కిష్టమైన నేల యొకటి యుండును. గోల్ఫుబంతి నాడువారు స్వదేశమున ఏ మైదానము మేలు, పరదేశమున ఏది మేలు అని గంటలకొలది చర్చింతురట. మన నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలో నిట్టి చర్చ ఎద్దులు గలవారి యరుగులమీద జరుగుచుండును. శివరాత్రికి మహానంది పోవుదమా, ఆళ్లగడ్డలోనే కాడి కట్టుదమా, కృష్ణ దాటి పాలమూరు వైపు పోవుదమా అని. ఎద్దులను గూర్చి మీకు నేను చెప్పవలసినది లేదు. వాని కాళ్లక్రింది నేలను గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను.

బండ యదియే, జత యదియే యైనను నేల మాఱినచో పందెము మాఱును. కుందూనది కిరువైపుల నున్నది నల్లరేగడి. వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. చినుకు పడినచో జిగురై గిట్టలను పట్టును. అచ్చట బరి వేయువారు ఎఱ్ఱమన్ను తోలించి, నీరు చల్లి, చదును చేసి, తగుమాత్రము ఆరనీయవలెను. నల్లమల యడుగున, మహానంది అహోబిలముల వైపున, నేల గరుసు. నీరు నిలువదు గాని, రాళ్లేరకున్నచో గిట్టలు చీలును. మెత్తని మట్టిలో బండ తన ముందఱ మన్నును గుట్టగా ద్రోసికొని పోవును. ఎద్దులు బండను, మట్టిని గూడ లాగవలసివచ్చును. మిక్కిలి గట్టినేలపై బండ సులువుగా జాఱును గాని ఎద్దునకు కాలూనిక దొఱకక మోకాళ్లపై బడును. గిట్ట కొంచెము దిగి, దిగినచోట నిలుచునట్టి నేలయే మేలైన నేల.

బారు సాధారణముగా 250 మొదలు 300 అడుగులు. పాలపండ్ల కోడెలకు తేలిక బండ. రెండు, నాలుగు, ఆరు పండ్లని వయసు పెరిగినకొలది బరువు పెరుగును. నియమిత కాలములో అటునిటు తిరిగి లాగిన మొత్తము అడుగులే లెక్క. తొలిజతకు దొఱకిన నేల వేఱు, పదవజతకు దొఱకు నేల వేఱు. బండ పోయిన త్రోవ నున్నబడును, మలుపులో గుంట పడును. వరుసకు చీటీలు తీయుట కర్థ మిదియే. జతకు జతకు నడుమ మలుపును పూడ్పించి నీరు చల్లించు పెద్దలున్న యూరికి ప్రకాశము, గుంటూరు జిల్లాలనుండి గూడ ఎద్దులు వచ్చును. బహుమతి సొమ్ముకొఱకే వత్తురని కొందఱందురు. నేను నమ్మను. ఏండ్లకొలది ఉలవలు పెట్టి పెంచిన కోడె కాలు విఱిగినచో ఏ బహుమతి పూడ్చును? చెడ్డనేల మీదనే ములుకోల పైకి లేచును; కొట్టి హింసించుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము గూడను.

ఈ పందెము మనకే కలదని గర్వించువారికి ఒక వింత చెప్పెదను. స్పెయిను దేశపు ఉత్తరభాగమున బాస్కు జనులు కలరు. వారును ఎద్దుల జతచేత బండ లాగింతురు. దానిని వారి భాషలో 'ఇదీ ప్రోబాక్' అందురు. ఎద్దుల పరీక్షలని యర్థము. వారి బరి పేరు 'ప్రోబలేకు'. అది ఊరినడుమనే యుండును. మట్టినేల గాదు, గుండ్రాళ్లు పఱచినది. మన బారులో సగము గూడ నుండదు. ఎన్నిమార్లు కొసకు చేర్చినవో లెక్కింతురు. ఏటేట మైదానము వెదకుకొను పాటు వారికి లేదు. తాతనాటి బరిలోనే మనుమడు ఎద్దులను తోలును. ఈ మాటకు నాకు వారిమీద కొంత యసూయ కలదు.

ఇట్లు బరి ఊరికి నిలిచియుండుట తనంతట జరుగునది కాదు. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ అను పట్టణము సముద్రతీరమున నున్నది. గోల్ఫు ఆడువారికి అది కాశివంటిది. పదునెనిమిది గుంతల లెక్క 1764 లో అచ్చటనే యేర్పడినది. ఆ యిసుకనేల ఊరుమ్మడి సొత్తు. అందు ఆడుకొను హక్కు జనులకు కలదని 1552 నాటి పత్రమే యున్నది. అయినను 1797 లో పట్టణసభవారు అప్పులపాలై ఆ నేలను వర్తకుల కమ్మిరి. కొన్నవారు అందు కుందేళ్లను పెంచిరి. కుందేళ్లు బొఱియలు త్రవ్వెను. ఆటగాండ్రు న్యాయస్థానముల కెక్కిరి. 1821 లో జేమ్స్ చీప్ అను భూస్వామి కొని ఆటను నిలువబెట్టెను. 1894 లో పట్టణమువారే తిరిగి కొనుక్కొనిరి. తమ తాతల యాస్తిని తామే కొనవలసి వచ్చినది! నేటికిని ఆదివారము నాడు ఆ పాతమైదానమున ఆట సాధారణముగా నుండదు. ఊరిజనము పిల్లలతో షికారు చేయుదురు.

మన బరులు చాలవఱకు తిరునాళ్ల బయళ్లు, కోత యైన చేలు, మందబయళ్లు, కళ్లపు పోరంబోకులు. నూర్పిళ్లు యంత్రములు చేయుచుండగా కళ్లము ఖాళీగా కనబడును. ఖాళీగా కనబడిన చోట రాళ్లు పాతబడును. 2022 ఏప్రిలు 4 వ తేదీన నంద్యాల జిల్లాకేంద్రమైన పిమ్మట చుట్టుపట్ల భూమి ధర చెప్పనక్కఱలేదు. అహోబిలస్వామి పార్వేటకు పల్లెపల్లె తిరుగు దినములలో బండ లాగింపవలెనన్నచో, పల్లెలో మూడువందల అడుగుల బయలుండవలెను గదా.

కావున పెద్దలగు మిమ్ము నొక్కటి యడుగుచున్నాను. మీ యూరి బరి ఏ సర్వే నంబరులో నున్నదో, అది పోరంబోకో పట్టాయో, ఈ వారములోనే విచారింపుడు. పోరంబోకైనచో దాని హద్దులు కొలిపించి, గ్రామసభలో తీర్మానము చేయించి, పంచాయతీ దస్త్రములో వ్రాయింపుడు. పట్టాయైనచో ఆ రైతుతో కలిసి కూర్చుండి మాటాడుడు. కొలతకు పోవునాడు ఎద్దులను పెంచు కుఱ్ఱవాండ్రను గూడ వెంటబెట్టుకొని పొండు. హద్దురాయి ఎచ్చటనున్నదో వారు చూడవలెను.