కారులో వెలుగు పసుపు దీపము

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నల్లగొండ, సూర్యాపేట ప్రాంతముల గ్రామస్థులు 65వ నంబరు జాతీయ రహదారిమీద ఎల్.బి. నగర్ చేరి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా హైదరాబాదు నగరములోనికి పోవుదురు. 2018లో ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు వచ్చినది. అయినను దాని స్తంభముల ప్రక్కన బస్సులు, ఆటోలు, కార్లు ఒకదాని నొకటి ఒరసికొనుచునే సాగుచున్నవి. ఊరిలోని కారు దాని యజమాని కొక్కనికే ఉపయోగపడునది కాదు. రాత్రివేళ పురిటినొప్పులు వచ్చిన తల్లిని, పాము కరచిన కూలీని ఆసుపత్రికి చేర్చునది అదియే. కావున దాని బ్రేకుల మంచిచెడ్డలు ఊరందరివియు.

ఒక వానకాలమున మేము మా ఊరివారు కొన్న పాత కారులో నగరమునకు వచ్చుచుంటిమి. దిల్‌సుఖ్‌నగర్ సమీపమున ముందుపోవు బస్సు హఠాత్తుగా ఆగినది. బ్రేకు త్రొక్కగానే మా కారు చక్రములు బిగిసి, తడిరోడ్డుపై జారినవి. స్టీరింగు త్రిప్పినను బండి మలగలేదు. బస్సునకు జానెడు దూరమున ఆగి బ్రతికితిమి. పిదప పరికింపగా, మీటర్ల పలకలో ఒక పసుపు దీపముపై నల్లని టేపు అంటించి యుండెను. పాత యజమాని చేసిన మరమ్మతు అంతియే!

అది ఏ.బి.యస్. అను బ్రేకు ఏర్పాటునకు చెందిన దీపము. 1978లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ దీనిని మెర్సిడెస్ కార్లలో ప్రవేశపెట్టినది. మన దేశమున 2019 ఏప్రిల్ నుండి క్రొత్త కార్లన్నింటికిని ఇది తప్పనిసరి యైనది. బెదరిన ఎద్దు ముకుతాడును బిగబట్టినచో అది మొరాయించును. బిగించుచు, సడలించుచు నడిపినచో మాట వినును. ఏ.బి.యస్. చేయు పనియు ఇట్టిదే. చక్రము వేగమును సెన్సరు కనిపెట్టుచుండును. చక్రము బిగిసిపోవు సూచన కానరాగానే యంత్రము బ్రేకు ఒత్తిడిని క్షణమునకు పలుమారులు సడలించి, మరల బిగించును. అప్పుడు పాదము క్రింద పెడలు అదరును. భయపడి కాలు తీయరాదు.

పసుపు దీపము మాత్రమే వెలిగినచో సాధారణముగా మామూలు బ్రేకు పనిచేయును, ఏ.బి.యస్. రక్షణ మాత్రముండదు. నెమ్మదిగా నడుపుకొని పోవచ్చును. దానితోపాటు ఎఱ్ఱదీపము కూడ వెలిగినచో బండిని కదపనే రాదు.

ఆనాడు ఒక షెడ్డులో మొత్తము యంత్రమునే మార్చవలెనని చెప్పిరి. మేము ఎల్.బి. నగర్‌లోని బంధువుల యింటి ముంగిట తెల్లవారి పరీక్షించితిమి. మీరును ఇంటివద్ద ఇంతవరకు చేయవచ్చును:

మొదట బ్రేకు ఆయిలు డబ్బాపై నున్న రెండు గీతల నడుమ ఉన్నదో లేదో చూడవలెను. రెండవది, ఫ్యూజు కాలినచో అదే అంకెగల ఫ్యూజునే వేయవలెను; తీగముక్క చుట్టరాదు. మూడవది, బండిని చదును నేలపై నిలిపి, తక్కిన చక్రములకు రాళ్లు అడ్డు పెట్టి, జాకీతో లేపి, గట్టి స్టాండుపై ఆనించి చక్రము విప్పవలెను. జాకీని గాని, ఇటుకలను గాని నమ్మి క్రిందికి దూరరాదు. సెన్సరుపై నున్న బురదను, ఇనుపరజమును మెత్తని గుడ్డతో తుడిచి, తీగ తెగినదా, దాని కొన వదులైనదా చూడవలెను. మా కారులో దోషము ఇచ్చటనే యుండెను. మడి బురద సెన్సరుపై గట్టిపడి, తీగ కొన ఊడియుండెను. టేపు తీసి, కారును మెల్లగా నడుపగా దీపము ఆరినది.

దోషము ఇట్లు దొరకనిచో, ఏ చక్రమువైపు లోపమున్నదో పరికరముతో చదువగల మెకానికు నాశ్రయింపవలెను. బ్రేకు గొట్టములను, ఒత్తిడి యంత్రమును ఇంటివద్ద విప్పరాదు. గాలి చొరబడినచో మామూలు బ్రేకు కూడ చెడును. బ్రేకు ఆయిలు బదులు ఇంజను ఆయిలు గాని, కిరోసిను గాని పోసినచో లోపలి రబ్బరు ఉబ్బి పాడగును.

సభ్యులారా! పాత కారు కొనువారికి ఒక మాట చెప్పుడు. తాళము త్రిప్పగానే ఆ పసుపు దీపము వెలిగి, కొద్దిసేపటిలో గాని, బండి కదలగానే గాని ఆరవలెను. ఆరకున్నచో దోషము కలదు. అసలే వెలుగకున్నచో దీపమునకే ఎవరో చేటు చేసియుందురని శంకింపవలెను. మీ గ్రామమున బాడుగకు నడుచు ప్రతి బండిని గ్రామసభ దినమున ఇట్లు పరీక్షింపజేయుడు. దీనికి పైకము అక్కరలేదు. ఒక్క నిమిషము చాలును.