పెనాంగ్‌లో శయన బుద్ధుడి దగ్గర
(ఆలయ కుటుంబ సమావేశంలో ఒక సభ్యురాలి ప్రసంగ పాఠం)



పెనాంగ్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి నన్ను ఇద్దరు ముగ్గురు ఒకే మాట అడిగారు. "అమ్మా, మన స్వామి ఉండగా బుద్ధుడి గుడిలో దండం పెట్టారంట కదా?" అని. పెట్టాను. ఎందుకో నలుగురిలో చెప్పమని కమిటీవారు ఈ నాలుగు నిమిషాలు ఇచ్చారు.

మా కోడలు చైనీస్ అమ్మాయని మీకు తెలుసు. వాళ్ల నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన అస్థికలు పెనాంగ్‌లో, లోరోంగ్ బర్మాలోని థాయ్ గుడి వాట్ చాయామంగళారామ్‌లో ఉంచారు. ఏప్రిల్‌లో వాళ్లకు చెంగ్ బెంగ్ వస్తుంది. పెద్దలను తలుచుకోవడంలో మన మహాలయం లాంటిదే. ఈసారి నన్నూ రమ్మంది.

ఆ గుడి 1845 నాటిది. ఎదురుగానే బర్మావారి ధమ్మికారామ గుడి, అది 1803 నాటిది. థాయ్ గుడిలో బుద్ధుడు 33 మీటర్ల పొడవున పడుకుని ఉంటాడు. మన రంగనాథుడూ పవళించే ఉంటాడు గానీ అది యోగనిద్ర. ఇది నిర్యాణ శయనం, ఆఖరి పడక. టూరిస్టులు ముందు నిలబడి ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. విగ్రహం వెనక్కి వెళితే గోడ నిండా చిన్న చిన్న అరలు. అరలో కలశం, దాని మీద ఫొటో.

మా కోడలు తడిగుడ్డతో నాన్నగారి ఫొటో తుడిచింది. శుక్రవారం పూట నేను మావారి ఫొటో తుడిచినట్టే, ముందు ముఖం, తర్వాత అంచులు. రెండు నారింజలు పెట్టింది. ఫ్లాస్కులోంచి టీ పోసి, "పా, టీ" అంది. మంత్రమూ లేదు, ఇంకో మాటా లేదు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. చేతులు వాటంతటవే కలిశాయి.

బుద్ధుడు విష్ణువు అవతారమే కాబట్టి తప్పులేదని ఒక పెద్దాయన నన్ను వెనకేసుకొచ్చారు. వారి మంచితనం. కానీ బౌద్ధులు అలా అనుకోరు. వాళ్ల దేవుణ్ణి మన లెక్కలో కలుపుకుంటేనే మొక్కుతామనడం నాకు నచ్చదు.

మన ఆంధ్రలోనే చూడండి. మూడో శతాబ్దంలో నాగార్జునకొండ దగ్గర ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన ఇష్టదైవం మహాసేనుడు, అంటే మనం తైపూసానికి కావడి మోసే కుమారస్వామే. ఆయన సొంత చెల్లెలు శాంతిశ్రీ అక్కడి బౌద్ధ మహాచైత్యానికి స్తంభాలు దానం చేసింది. శాసనాల్లో ఉన్న మాట ఇది. సింహళ భిక్షువులకు అక్కడ ఒక విహారం కూడా ఉండేది. అన్న యజ్ఞం చేశాడు, చెల్లెలు చైత్యానికి ఇచ్చింది, పుట్టిల్లు మాత్రం ఒకటే.

ఇంకొకరు మైల సంగతి అడిగారు. అస్థికలున్న చోటికి వెళ్లి నేరుగా గుడికి రావచ్చా అని. అది న్యాయమైన ప్రశ్నే. మన అర్చకస్వామిని అడిగాను, "తలస్నానం చేసి రండమ్మా, అంతే" అన్నారు. అలాగే చేశాను.

మావారు పోయాక మా అబ్బాయి మహాలయ అమావాస్యకు ఇక్కడే తర్పణం వదులుతున్నాడు. అందులో మామగారి పేరు చెప్పే చోటు ఒకటుంది. ఈ ఏడు ఆ చోట వియ్యంకుడిగారి పేరు చెప్పిస్తామంటే మా కోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నకి గోత్రం లేదు కదా అత్తయ్యా?" అంది. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెబుతారట. ఇక మిగిలింది పేరే. చైనీస్ పేరు కదా, పలకడం తేలిక కాదు. ఇప్పటినుంచే మా కోడలు అర్చకస్వామికి నేర్పుతోంది.