పసివారికి దేవుని నమ్మకత్వము

ఆదివారపు బడిలో పాఠము చెప్పువారికి ఎదురగు ప్రశ్నలలో కెల్ల కష్టమైనదానిని నన్నొక తొమ్మిదేండ్ల బాలిక అడిగినది. అంతకు ముందు వారము నేను ఆ తరగతికి దేవుడు నమ్మదగినవాడను సంగతి బోధించియుంటిని. ప్రార్థించినచో ఆయన తప్పక ఆలకించును, ఆడిన మాట తప్పడు అని గట్టిగా చెప్పి, తార్కాణముగా రెండు మూడు కథలు వినిపించితిని. పిల్లలు సంతోషముతో విని ఇండ్లకు వెళ్లిరి. ఆ వారములోనే ఆ బాలిక అమ్మమ్మ కన్నుమూసినది. తరువాతి ఆదివారము ఆ పిల్ల పాఠము ముగియువరకు మౌనముగా కూర్చుండి, అందరును లేచిపోయిన పిమ్మట నా యొద్దకు వచ్చి, “మాష్టారూ, నేను రోజూ ప్రార్థన చేశాను. దేవుడు మాట తప్పాడా?” అని అడిగినది.

నేను ఏదో చెప్పితిని. అమ్మమ్మ పరలోకమునకు వెళ్లినది, ఏడవకూడదు అంటిని. అది అబద్ధము కాదు గాని, ఆ బిడ్డ అడిగినదానికి జవాబును కాదు. ఆ సంగతి ఆ పిల్లకును తెలిసినది, నాకును తెలిసినది. ఇంటికి నడచిపోవుచు ఆలోచించుకొనగా, నా తప్పు అంతకు ముందు వారపు పాఠములోనే ఉన్నదని తోచినది. కొట్టులో డబ్బు పెట్టి బెల్లపు ముక్క తెచ్చుకొన్నట్లుగా, ప్రార్థన పెట్టి కోరినది తెచ్చుకొనుటయే దేవుని నమ్మకత్వమని నేను చూపించియుంటిని. అట్టి దేవుని పిల్లలు ఎంత త్వరగా నమ్ముదురో అంత త్వరగా పోగొట్టుకొందురు.

హెబ్రీ భాషలో నమ్మకత్వమునకు ఉన్న పదము ఎమునా. ప్రార్థన చివర మనము పలుకు ఆమేన్ అను మాటయు ఆ ధాతువునకు చెందినదే. బిడ్డను ఒడిలో పెట్టుకొని మోయు దాదికిని ఆ భాషలో ఆ ధాతువునుండియే పేరు ఏర్పడినది. నిర్గమకాండము 17వ అధ్యాయములో, అమాలేకీయులతో యుద్ధము జరుగునపుడు మోషే కొండశిఖరమున చేతులెత్తి నిలిచిన కథ కలదు. చేతులు బరువెక్కగా ఆయనను ఒక రాతిమీద కూర్చుండబెట్టి, అహరోను ఒక ప్రక్కను హూరు ఒక ప్రక్కను ఆ చేతులను ఆదుకొనిరి. ప్రొద్దు గ్రుంకువరకు ఆ చేతులు నిలుకడగా ఉండెనని చెప్పుచోట మూలములో వాడబడినది ఈ ఎమునా అను పదమే. ఇంతకంటె మంచి పాఠము నాకు దొరకలేదు. తరగతిలో ఒక పిల్లవానిని చేతులెత్తి నిలువుమనుడు. కొంతసేపటికి ఇద్దరిని పిలిచి ఆ చేతులను పట్టుకొమ్మనుడు. మన పెద్ద మాటలు గంటసేపు చెప్పినను తెలియనిది వారి భుజములకు తెలియును. యుద్ధము సాయంకాలమువరకు సాగినదని కూడ చెప్పవలెను. దేవుడు తలచుకొనినచో ఉదయమే ముగింపలేకపోయెనా అని ఎవడైన అడిగినచో, వానిని గద్దింపక మెచ్చుకొనుడు.

కథలు చెప్పునపుడు మనము సంవత్సరములను మ్రింగివేయుదుము. అబ్రాహాము హారానునుండి బయలుదేరునప్పటికి 75 ఏండ్లవాడు. ఇస్సాకు పుట్టునప్పటికి 100 ఏండ్లవాడు. నడుమ గడచిన 25 సంవత్సరములు మన నోట ఒక్క వాక్యముతో ముగియును. మీ అక్కకు పెండ్లియై, ఆమె పిల్లలు బడికిపోయి, వారి చదువులును పూర్తియగునంత కాలము అని చెప్పినచో పిల్లలు నోళ్లు తెరచి విందురు. యోసేపు తన కలలు చెప్పినది 17వ ఏట, ఫరో యెదుట నిలిచినది 30వ ఏట. చెరసాలలో ఆయన మేలు పొందిన పానదాయకుడు విడుదలయై, ఆయనను మరచిపోయిన తరువాత రెండు నిండు సంవత్సరములు గడచెను. ఆ రెండేండ్లను విడిచిపెట్టి కథ చెప్పుట పిల్లలకు అన్యాయము చేయుట.

మన బడులలో తరచు వినిపించు మరియొక కథ జార్జి ముల్లరుది. ఇంగ్లండు దేశమున బ్రిస్టలు నగరములో 1836లో అనాథబాలల కొరకు ఇల్లు తెరచిన ఆయన, మనుష్యులను ధనము యాచింపక ప్రార్థనమీదనే ఆధారపడెను. ఉదయమున భోజనము లేనపుడు రొట్టెయు పాలును వాకిటికి వచ్చిన కథను ఉపాధ్యాయులెందరో చెప్పుదురు. నేను చెప్పినవానిలో అదియు ఒకటి. 1870 నాటికి ఆష్లీ డౌనున ఐదు పెద్ద గృహములు వెలసి, రెండువేలమందికి పైగా పిల్లలకు చోటు కలిగెను. ఇంతవరకు అందరును చెప్పుదురు. అయితే మొదటి ఇల్లు తెరచుటకు ముందటి సంవత్సరము, 1835లో, ఆయన తన పసికుమారుని పాతిపెట్టెను. 1870లో భార్య మేరీ మరణించినపుడు ఆమె అంత్యక్రియలలో తానే ప్రసంగించెను. దేవుని మంచితనమే ఆ ప్రసంగమునకు విషయము. రొట్టెయు పాలును చెప్పి ఈ రెండు సమాధులను దాచినచో మనము పిల్లలకు సగము ముల్లరును మాత్రమే ఇచ్చినవారమగుదుము. ఆ సగము వారి మొదటి దుఃఖములో అక్కరకు రాదు.

దేవుని నమ్మకత్వమును గూర్చి క్రైస్తవులు మిక్కిలి ప్రీతితో జ్ఞాపకముంచుకొను మాటలున్న చోటు ఏది? విలాపవాక్యముల గ్రంథము. బబులోనువారు యెరూషలేమును కాల్చిన తరువాత, ఆకలితో వీధులలో సొమ్మసిల్లిన పసిపిల్లలను తలచుకొని ఏడ్చిన పుస్తకమది. ఐదధ్యాయములలో నడిమిదానియందు, ఏడ్పు మధ్యను, ఆ మాటలు వచ్చును. తరువాత ఏడ్పు మరల సాగును. మనము వాటిని ఆ కన్నీటినుండి త్రెంచి తెచ్చి పాడుకొందుము. గెత్సేమనే తోటలో యేసు మూడు మారులు ప్రార్థించినను ఆ గిన్నె తొలగిపోలేదు. మూడవ దినపు పునరుత్థానమును చెప్పుటకు త్వరపడవలదని నా మనవి. శుక్రవారమును పిల్లలు కొంతసేపు శుక్రవారముగనే చూడనిండు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. సాయంకాలము బొమ్మ తెచ్చెదనని చెప్పి ఒట్టి చేతులతో వచ్చుట మనకు చిన్న సంగతి. కాని మాట నిలుపుకొనుట అననేమో పిల్లలు మొదట నేర్చుకొనునది మనయొద్దనే. తేలేకపోయిన దినమున తేలేకపోయితినని ఒప్పుకొనినను వారు క్షమింతురు.

యెహోషువ యొర్దాను నది నడుమనుండి గోత్రమునకు ఒక్కటి చొప్పున 12 రాళ్లను తీయించి గిల్గాలులో నిలువబెట్టించెను. ముందు కాలమున పిల్లలు వాటిని చూచి ఇవేమిటని అడుగగా పెద్దలు జరిగినది చెప్పవలెనని ఏర్పాటు. ఆ ఏర్పాటులో మొదట నోరు తెరచువాడు పిల్లవాడే, ఉపాధ్యాయుడు కాడు. ఈ పాఠమునకు నేను మా తరగతివారిని తలకొక రాయి తెమ్మని, దానితో ఇంటిలోని పెద్దలు చెప్పిన జ్ఞాపకమొకటి తెమ్మని అడిగితిని. చాలమంది దారిలో దొరికినవి ఏరుకొని వచ్చిరి. పిల్లలు పిల్లలే గదా. ఆ బాలిక మాత్రము అరచేతిలో ఇమిడెడు నల్లని సానరాయి తెచ్చినది. “అమ్మమ్మ దీనిమీద వసకొమ్ము అరగదీసి నాకు నాకించేదట. నేను పుట్టినప్పుడు బ్రతకనన్నారట. నలభై రోజులు అమ్మమ్మ నన్ను ఒడిలోనుంచి దించలేదట” అని చెప్పినది.

ఆమె మొదటి ప్రశ్నకు నేను నేటికిని జవాబు చెప్పలేదు. నాకు తెలియదు, నీతోపాటు నేనును దేవుని అడుగుచున్నాను అని మాత్రము ఆ దినమున చెప్పితిని. ఆ సానరాయి ఇప్పుడు తరగతి గది కిటికీలో ఉన్నది. క్రొత్తగా చేరిన పిల్లలు అదేమిటని అడుగుదురు. ఆ బాలికయే చెప్పును.