కెమెరా కొనేముందు ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి

పోయిన ఎపిసోడ్ తర్వాత మీలో చాలామంది అడిగింది ఒకటే. "అన్నా, ఫోన్‌తో తీసి తీసి బోర్ కొట్టింది, కెమెరా కొందామనుకుంటున్నా, ఏది కొనమంటావ్?" అని. మెగాపిక్సెల్స్ ఎన్ని, ఫోర్‌కే ఉందా, ఆటోఫోకస్ ఎలా ఉంటుంది, అన్నీ అడిగారు. "అది నా చేతికి సరిపోతుందా" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. 300 రూపాయల చెప్పులు కొనేటప్పుడు కూడా వేసుకుని నాలుగడుగులు నడిచి చూస్తాం కదా. 60 వేలు పెట్టే కెమెరాని మాత్రం ఫోటో చూసి ఆర్డర్ పెట్టేస్తాం.

మిమ్మల్ని అనట్లేదు. నేనూ అదే చేశా.

నా మొదటి పెద్ద కెమెరా ఈఎంఐలో కొన్నాను. రివ్యూలు చూసి చూసి ఒక రాత్రి ఆర్డర్ పెట్టేశా. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే తప్పు కెమెరాది కాదు. డబ్బా వచ్చిన రోజు మా అమ్మ దానికి బొట్టు పెట్టి దేవుడి దగ్గర ఉంచింది కూడా. దాంతో తీసిన మొదటి పెళ్ళి ఖమ్మం దగ్గర ఒక ఊళ్ళో. సాయంత్రం ఎదురుకోళ్ళ దగ్గర్నుంచి తీస్తూనే ఉన్నా. ముహూర్తం తెల్లవారుజామున. అర్ధరాత్రి దాటేసరికే బొటనవేలి కింద, మణికట్టు దగ్గర సలుపు మొదలైంది. జీలకర్ర బెల్లం టైముకి కెమెరా పైకెత్తాను. బాజాలు మోగుతున్నాయి, తెర తీస్తున్నారు, సరిగ్గా అప్పుడే చెయ్యి వణికింది. పట్టు సర్దుకోబోతే బొటనవేలు వెనకాల ఏదో బటన్ మీద పడింది. స్క్రీన్ మీద ఏదో సెట్టింగ్ ఓపెన్ అయింది. అది మూసి మళ్ళీ చూసేసరికి వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అయిపోయింది, అందరూ అక్షింతలు వేసేస్తున్నారు.

ఆల్బమ్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పెళ్ళికూతురు వాళ్ళ నాన్నగారు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి, "బాబూ, తెర తీసినప్పటిది లేదా?" అన్నారు. అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ చెయ్యి డాక్టర్‌కి చూపిస్తే, వాపు వచ్చింది, మూడు వారాలు బరువు ఎత్తొద్దు అన్నారు. మాఘమాసం సీజన్ అది. చేతిలో ఉన్న రెండు ఆర్డర్లు ఫ్రెండ్‌కి ఇచ్చేశా. ఈఎంఐ మాత్రం ఎవరికీ ఇవ్వలేం కదా, అది నేనే కట్టా.

సరే, బరువు సంగతి చూద్దాం. మీ చేతిలో ఉన్న ఫోన్ సుమారు 200 గ్రాములు ఉంటుంది. కెనాన్ ఆర్50 బ్యాటరీ, కార్డుతో కలిపి 375 గ్రాములు. దానితో వచ్చే చిన్న 18-45 లెన్స్ 130. మొత్తం అర కేజీ. అదే సోనీ ఏ7 ఫోర్ అయితే బాడీయే 658 గ్రాములు. దానికి పాత 24-70 జీఎం లెన్స్ పెడితే ఇంకో 886. మొత్తం ఒకటిన్నర కేజీ దాటింది. స్పెసిఫికేషన్లలో బాడీ బరువు ఒక్కటే చూసి సంబరపడిపోకండి, మీరు మోసేది లెన్స్‌తో కలిపి.

దుకాణానికి వెళ్ళేముందే ఇంట్లో ఒక పని చెయ్యండి. వంటింట్లో కేజీ కందిపప్పు ప్యాకెట్ ఉంటుంది కదా, దాన్ని రెండు చేతులతో కంటి దగ్గర పెట్టుకుని మూడు నిమిషాలు ఉండండి. అమ్మ నవ్వుతుంది, పర్లేదు. ఇప్పుడు అదే ప్యాకెట్‌ని ఫోన్ పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాపి పట్టుకోండి. చేతులు ఇంకా త్వరగా అలసిపోతాయి. ఫోన్ అలవాటుతో కొత్తగా కెమెరా కొన్నవాళ్ళందరూ చేసే పని ఇదే. చేతులు చాపి, స్క్రీన్ చూస్తూ తీస్తారు. బరువు ఒంటికి ఎంత దూరంగా ఉంటే చేతికి అంత భారం. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఎడమ అరచెయ్యి లెన్స్ కింద పెట్టి, వ్యూఫైండర్‌ని కంటికి ఆనించారనుకోండి, మూడు చోట్ల ఆసరా దొరుకుతుంది. సోనీ జెడ్‌వీ-ఈ10 లాంటి వాటిలో వ్యూఫైండర్ ఉండదు, అది కూడా ఆలోచించుకోండి. వీడియోలకే అయితే పర్లేదు, ఫోటోలకైతే నేను తీసుకోను.

ఇక షాపులో. కోఠి వెళ్ళినా, విజయవాడలో చూసినా, డిస్‌ప్లే పీస్‌ని ఊరికే అలా పట్టుకుని ఇచ్చెయ్యకండి. బ్యాటరీ వేసి, మీరు కొనబోయే లెన్సే పెట్టి ఇమ్మనండి. మొహమాటపడొద్దు. కుడిచేత్తో పట్టుకుని మీ చిటికెన వేలు ఎక్కడుందో చూడండి. చిన్న కెమెరాల్లో అది కింద గాల్లో వేలాడుతూ ఉంటుంది, ఆ బరువంతా మిగతా మూడు వేళ్ళ మీద పడుతుంది. గ్రిప్‌కీ లెన్స్‌కీ మధ్య వేళ్ళకి చోటుందా? లావు వేళ్ళ వాళ్ళకి అక్కడ నొక్కుకుపోతుంది. తర్వాత కళ్ళు మూసుకోండి. చూడకుండా షట్టర్ దొరకాలి, ముందు డయల్ దొరకాలి, బొటనవేలు దేన్నీ నొక్కకుండా ఆనుకోవడానికి చోటుండాలి. నా ఖమ్మం పెళ్ళిలో లేనిది ఆ చోటే.

కళ్ళజోడు ఉంటే దాంతోనే వ్యూఫైండర్‌లో చూడండి, నాలుగు మూలలూ కనిపించాలి. ఎడమ కంటితో చూసే అలవాటున్నవాళ్ళకి ముక్కు స్క్రీన్‌కి తగులుతుంది. టచ్ ఆన్‌లో ఉంటే కొన్ని కెమెరాల్లో ముక్కుతోనే ఫోకస్ జరిగిపోతుంది! నవ్వకండి, నిజం. సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసుకోవచ్చు.

చిన్నది కొంటే హాయి అనుకుంటే అదీ తప్పే. చిన్న బాడీకి పెద్ద జూమ్ లెన్స్ పెట్టారంటే ముందుకు వాలిపోతూ ఉంటుంది, మణికట్టు లాగేస్తుంది. పెద్ద చేతుల వాళ్ళకి కొంచెం లోతైన గ్రిప్ ఉన్న బాడీయే నయం. ఇప్పటికే చిన్నది కొనేశారా? కింద బిగించే గ్రిప్ ప్లేట్లు దొరుకుతాయి, చిటికెన వేలికి ఆసరా వస్తుంది.

ఎడమచేతి వాటం వాళ్ళు కూడా అడిగారు. ఇప్పుడు దాదాపు అన్నింటికీ షట్టర్ కుడివైపే. 1936లో వచ్చిన కైన్ ఎక్సాక్టా అనే జర్మన్ కెమెరాకి ఎడమవైపు ఉండేది, ఇప్పుడు అలాంటిది కొనలేం. కానీ బరువు మోసేది ఎడమ చెయ్యే కాబట్టి మీకు అదే కలిసొస్తుంది.

అసలు చిన్న కెమెరా కథే ఒంటికి సంబంధించింది. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అని ఒకాయన ఉండేవారు. ఆయనకి ఆస్తమా. ఆ రోజుల్లో కెమెరా అంటే బరువైన గాజు ప్లేట్లూ అవీ, అవన్నీ మోస్తూ కొండలెక్కలేకపోయారు. సినిమా ఫిల్ముతో నడిచే చిన్న కెమెరా తయారుచేసుకున్నారు. అదే 1925లో లైకాగా మార్కెట్లోకి వచ్చింది. నా ఊపిరికి ఏది సరిపోతుంది అని చూసుకున్నారు ఆయన. నేను రివ్యూ ఇచ్చినాయన చేతికి సరిపోయింది కొన్నాను.

ఆ కెమెరా నష్టానికే అమ్మేశా. ఇప్పుడున్నది దానికంటే పాత మోడల్, ఫీచర్లు కూడా తక్కువే. పోయిన శ్రావణంలో నాలుగు పెళ్ళిళ్ళు తీశాను దీంతో, చెయ్యి నొప్పి లేదు. తెర తీసినప్పటి ఫోటోలు నాలుగూ ఉన్నాయి.

మీ చేతిలో ఏ కెమెరా ఇబ్బంది పెట్టిందో కింద రాయండి, తప్పకుండా చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో సెకండ్ హ్యాండ్ కెమెరా కొనేటప్పుడు షట్టర్ కౌంట్ ఎలా చూడాలో చెప్తాను. ఉంటాను మరి, బై.