ఎగ్మూరులో అమరావతి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగియగానే రాళ్ల ముచ్చట ఎందుకని మీరనవచ్చును. ఆ రాళ్లు కూడా మనవలెనే కృష్ణాతీరం విడిచి చెన్నపట్నం చేరి స్థిరపడినవి. మనలో కొందరి తాతముత్తాతలకన్న ముందే వచ్చినవి.

ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం 1851లో పుట్టినది. బాల్ఫర్ అనే వైద్యుడు దానికి మొదటి అధికారి. చచ్చిన జంతువులను నిలిపి చూపేవారు గనుక తమిళ సోదరులు దానిని 'సెత్త కాలేజీ' అనేవారు. బ్రతికిన జంతువులున్నచోటు 'ఉయిర్ కాలేజీ'. మన పిల్లలు ఈనాటికీ అక్కడ తిమింగలం ఎముకలు చూచి వచ్చి అదే చెబుతారు. అమరావతి రాళ్ల ఊసెత్తరు. మా బాధ అది.

అమరావతి స్తూపం క్రీస్తుకు పూర్వమే వెలసి, శాతవాహనుల కాలాన పెరిగి పెద్దదైనది. తరువాత మట్టిదిబ్బ అయి 'దీపాలదిన్నె' అనిపించుకొన్నది. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అక్కడ పట్నం కట్టించేటప్పుడు ఆ దిబ్బ ఇటుకలకు, రాళ్లకు గని అయినది. 1797లో మెకంజీ దొర వచ్చి చూచినాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వి ఉన్నది! 1845లో ఇలియట్ దొర త్రవ్వించి, దొరికిన శిల్పాలను మదరాసుకు పంపినాడు. అవి ఏండ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసినవి. 1859లో 120కి పైగా శిల్పాలు ఓడెక్కి లండను పోయినవి. 1880 నుండి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. ఆపైన బర్జెస్, రే ప్రభృతులు త్రవ్వించినవాటిలో పెక్కు ఎగ్మూరు చేరినవి. ఒకప్పుడు వాటిని గోడలలో పొదిగి సిమెంటు పూసినారు. అది రాతికే చేటని తరువాత తేలినది.

పాలరాయి అంటారు గాని, ఇది పల్నాటి సున్నపురాయి. ఆ రాతిమీది ఒక గుండ్రని పలకను తప్పక చూడవలె. రాజగృహం వీథిలో నలగిరి అనే మదపుటేనుగు ఒక మనిషిని తొండంతో పట్టి విసరుతున్నది. జనం చెల్లాచెదరౌతున్నారు. భయపడిన స్త్రీ ఒకతె ప్రక్కవానిని పట్టుకొన్నది. మేడమీదివారు తొంగి చూస్తున్నారు. అదే పలకలో అదే ఏనుగు బుద్ధుని యెదుట మోకరిల్లినది. అల్లరి ఒకవైపు, శాంతి మరొకవైపు. నడుమ గీటు కూడ లేదు. ఈ పనితనం ముందు మాకు నోట మాట రాలేదు.

ఇక శాసనాలు. ఈ రాళ్లకు సొమ్మిచ్చినవారు రాజులే కారు. విధికుడనే చర్మకారుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చినాడు. సుగంధద్రవ్యాల వర్తకులు, భిక్షుణులు, గృహిణులు కూడ దాతలే. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. ఒక అమరావతి రాతి తునకమీది 'నాగబు' అనే మాట తెలుగుదని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించినారు.

ఈ శిల్పాలు అమరావతికి తిరిగి పోవలెనని కొందరంటారు. ఇన్నాళ్లు కాపాడినచోటనే ఉండనిండని కొందరు. మాలోనే ఏకాభిప్రాయం లేదు. లండనువి రావలెననే విషయంలో మాత్రం భేదం లేదు. అయితే ట్రాము, బస్సు, రైలు అన్నీ మారిన ఈ నూరేండ్లలోను ఎగ్మూరు మనకు దగ్గరగానే ఉన్నది. అక్కడికే పోనివారము లండను వారిని ఏమని అడుగుదుము?

అందుచేత సంఘంవారికి మా మనవి. ఈ శిల్పాలపై శివరామమూర్తిగారు 1942లో ఇంగ్లీషులో గొప్ప గ్రంథం వెలువరించినారు. దాని సాయంతో పిల్లలకు పది పుటల తెలుగు పుస్తకం వేయించండి. ఒక ఆదివారం వారిని వెంటబెట్టుకొని పోదాము. శుక్రవారం మ్యూజియానికి సెలవు, మరవవద్దు. ముందు అమరావతి గది, తరువాతనే తిమింగలం.